చీటీ టీచరుగారి పాడైన కంప్యూటర్లు

చీటీ రాసివ్వందే ఆవిడ ఎవరినీ దేన్నీ వెతకనివ్వదు. బళ్లో కంప్యూటరు పాఠాలు చెబుతుంది గనక ఇంటర్నెట్టు వరకూ సరే. పోయిన గొడుగు వెతుక్కోవాలన్నా చీటీయే! పిల్లలు చీటీ టీచరని పేరు పెట్టేశారు.

ఆ కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి నేను. నెలకోసారి వెళ్తాను. ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ నా మాట వినిపించుకోదు. మొదటిరోజు మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని ల్యాబులో దిక్కులు చూస్తుంటే చేతిలో చీటీ పెట్టింది.

"ఏం వెతుకుతున్నారో రాయండి."

"భోజనానికి చోటు" అని రాశాను. ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది.

"మీరు వెతికేది ఇది కాదు. ఆలోచించి మళ్లీ రాయండి. ఈలోగా ఆ మూల కుర్చీలో తినండి."

ఓరి దేవుడా, ఆకలికి కూడా పరీక్షా? ఏడాదిపాటు ప్రతినెలా రాశాను, ప్రతినెలా తప్పాను. గోడకేసి చూస్తూ ఒంటరిగా తిన్నాను.

పిల్లల గతీ అంతే. ఒకడు "తిమింగలం గురించి అంతా" అని రాస్తే, "అంతా అంటే? అది ఏం తింటుందనా, ఎలా ఈదుతుందనా?" అని నిలదీసింది. కింద ఇంటి అడ్రసు కూడా రాశాడు. "తిమింగలం మీ ఇంటికొస్తుందా నాయనా?" అని కొట్టేసింది. జవాబు దొరికిందని వాడు ఎగిరితే, "ఎవరు చెప్పారు? ఇంకెవరు చెప్పారు? రెండోవాడు మొదటివాడి దగ్గర కాపీ కొట్టలేదుగా?"

అదంతా భరించాను. నాకు ఒళ్లు మండింది ఒక్కదానికే. ఇరవై కంప్యూటర్లూ బాగుచేసి వెళ్తానా, మళ్లీ వచ్చేసరికి వాటిలో పదింటికి "పనిచేయదు" అని అట్టలు వేలాడేవి. విప్పి చూస్తే దివ్యంగా ఉండేవి. అట్టలు పీకి పోతే మళ్లీ ప్రత్యక్షం!

చివరికి హెడ్మాస్టరు పిలిచాడు. "ఏవయ్యా, ఏడాదిగా సగం మూలపడే ఉన్నాయి. వచ్చే నెల నుంచి వేరేవాణ్ణి చూసుకుంటాం."

రుసరుసలాడుతూ ల్యాబుకెళ్లాను. "నా పొట్ట కొడుతున్నారు టీచరుగారూ! ఏంటండీ ఈ అట్టలు?"

ఆవిడ సొరుగులోంచి చీటీ తీసి, పేరున్న చోట మడిచి చూపించింది. గుండ్రటి రాత. "మాట్లాడటానికి ఎవరూ లేకపోతే ఎవరితో మాట్లాడాలి?"

ఆ చీటీ రెండుసార్లు చదివాను.

"ఇది నెట్లో అడిగితే మాట్లాడతామంటూ ఎవరెవరో వస్తారండీ. వాళ్లెలాంటివాళ్లో ఎవరికి తెలుసు? అందుకే ఈ పిల్ల కంప్యూటరు పాడైపోయింది. పక్కపిల్లతో కూర్చోక తప్పలేదు. మౌసు కోసం కొట్టుకున్నారు, ఇప్పుడు గేటు దాకా కలిసే పోతున్నారు. ఒక్కదానికే కడితే అనుమానమొస్తుందని పదింటికి కట్టాను. మీకు ముప్పొస్తుందని తోచలేదు. ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తాను."

చెబితే హెడ్మాస్టరు అట్టలన్నీ పీకించేస్తాడు. ఆవిణ్ణి ఆపి నేనే వెళ్లాను. పాతికేళ్ల వృత్తిలో మొదటిసారి మెషిన్ల మీద అబద్ధమాడాను.

"పార్టు దొరకట్లేదు సార్. ఎవరొచ్చినా ఇంతే."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నా. కావాలంటే టీచరుగారిని అడగండి."

వెనకే వచ్చిన ఆవిడ గంభీరంగా తలూపింది. రెండోవాళ్లు మొదటివాడి దగ్గర కాపీ కొట్టారేమోనని పాపం ఆయనకు తట్టలేదు. నా పని ఊడలేదు.

మరుసటి నెల వెళ్తే నా మూల కుర్చీకి అట్ట వేలాడుతోంది. "పనిచేయదు." నాలుగు కాళ్లూ గట్టిగానే ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"పాడైందండీ. పార్టు దొరకట్లేదట" అంటూ తన బల్ల దగ్గరికి ఇంకో స్టూలు లాగింది.

క్యారియరు పట్టుకెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఆ రోజు నన్ను చీటీ అడగలేదు.