నూట ముప్పై రెండో గడి

బ్రషీ ఫోర్క్ కార్ల రేసు మైదానంలో ఇప్పుడు పైను చెట్లు లేచాయి. తారు పగుళ్ళలోంచి మొలిచినవి మనిషెత్తు దాటిపోయాయి. తెల్లగీతకు ఎదురుగా కట్టిన చెక్క మంచె మాత్రం ఇంకా పడలేదు. ఓమా ట్రిప్లెట్‌ని కారులో అటుగా తీసుకెళ్తే ఆవిడ అద్దం దించి, "ఎడంపక్క నించి నాలుగోది నా చోటు" అంటుంది. ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెబుతుంది.

ఆ రోజుల్లో ఏ బండి ఎన్ని చుట్లు తిరిగిందో ఆడవాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. ప్రతి జట్టూ తన లెక్క మనిషిని తానే తెచ్చుకోవాలి. అంటే మామూలుగా బండి నడిపేవాడి పెళ్ళామే. ఎదురుగా పెద్ద గడియారం, ఒళ్ళో అట్టకార్డు, కార్డులో రెండువందల గడులు. మన బండి తెల్లగీత దాటినప్పుడల్లా గడియారం చూసి తరవాతి గడిలో సమయం రాయాలి. అంతే పని. ఇంతేనా అని నవ్వేవాళ్ళని ఒక్కసారి ఆ బల్లమీద కూర్చోబెట్టాలి. ముప్పై బండ్ల మోత, కళ్ళలో పడే రబ్బరు నలకలు, నెత్తిన ఎండ. ముక్కు దురదపెట్టినా రెండు చుట్ల మధ్యే గోక్కోవాలి.

పెళ్ళి మాట ఎత్తేముందు, బండి నడిపే గార్లాండ్ ఓమాని అడిగింది ఒక్కటే.

"నీకు గడియారం గబుక్కున చదవడం వచ్చా?"

"వంట వచ్చా అని అడగవేం?"

"వంటకి మా అమ్ముంది. లెక్కకే ఎవరూ లేరు."

ఓమా పడీపడీ నవ్వింది. నవ్విన పాపానికి పాతికేళ్ళు ఆ బల్లమీద కూర్చుంది.

గార్లాండ్ పగలు కోతమిల్లులో దుంగలు కోసేవాడు. సాయంత్రం కోళ్ళ షెడ్డులో బండి పని. కోళ్ళని అమ్మేసి నాలుగేళ్ళయినా షెడ్డులో ఇంకా ఈకలు ఎగురుతూనే ఉండేవి. మిల్లులో దుంగలమీద గుర్తులు పెట్టే లావుపాటి ఎర్ర పెన్సిలు ఎప్పుడూ అతని చెవిమీదే ఉండేది. దానితోనే టైర్లమీద రాసేవాడు, గోడమీద రాసేవాడు, ఆఖరికి చర్చిలో పాటల పుస్తకంలో కూడా గీసి పాస్టరుగారి చేత చివాట్లు తిన్నాడు. బండి నంబరు ముప్పై ఎనిమిది. రంగు ముదురు ఎరుపు. దానికి రంగు వేసింది కూడా ఓమానే, వంటింటి బ్రష్షుతో.

అరవయ్యో సంవత్సరం సెప్టెంబరు మొదటి సోమవారం, కార్మికుల సెలవురోజు పందెం. బ్రషీ ఫోర్క్‌లో ఏడాదికి అదే పెద్దది. అందులో గెలిచినవాడి పేరూ, బండి యజమాని పేరూ గేటు దగ్గర బోర్డుమీద పెద్ద అక్షరాలతో రాసేవాళ్ళు. అప్పటికి పెద్దకొడుకు రోయిస్‌కి పదినెలలు. అత్తగారికి జ్వరం, ఇంట్లో ఇంకెవరూ లేరు. పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకునే ఓమా మంచె ఎక్కింది. వాడు ఒక్కచోట ఉండే రకమా? కార్డు లాగాడు, పక్కనున్న వోండా పోటీట్ జుట్టు లాగాడు, ఒకసారి పెన్సిలే లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. వోండా అప్పటికి కొత్త పెళ్ళికూతురు, ఆమె మొగుడు టాల్మడ్జ్ కూడా ఆ పందెంలోనే ఉన్నాడు.

ఆ వేళ గార్లాండ్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఎవరూ గుద్దుకోలేదు, బండ్లని నెమ్మదించమనే పసుపు జెండా ఊగలేదు. ఆఖర్న తెల్లగీత ముందు దాటింది ముప్పై ఎనిమిదే. గార్లాండ్ కిటికీలోంచి చెయ్యి పైకెత్తాడు. తీరా కార్డులు చూస్తే టాల్మడ్జ్‌కి రెండువందలు నిండాయి, గార్లాండ్‌కి నూట తొంభై తొమ్మిదే. ఎక్కడో ఒక చుట్టు వెనకబడ్డాడన్నమాట.

చుట్టుపక్కలవాళ్ళు గోల చేశారు. గార్లాండ్ కార్డు కూడా అడగలేదు.

"ఓమా రాసిందంటే రాసిందే. కార్డుమీదున్నదే నిజం" అని టాల్మడ్జ్ చెయ్యి కలిపి ఇంటికొచ్చేశాడు.

మరుసటి వసంతంలో గార్లాండ్ మిల్లు నించి ఓక్ చెక్కలు తెచ్చి పిల్లవాడికి ఒక పెట్టె చేశాడు. నాలుగు పక్కలా నడుమెత్తు గోడ, లోపల పాత బొంత, అంచులన్నీ గుచ్చుకోకుండా నున్నగా తోమి ఉన్నాయి. దాన్ని మంచెమీద ఓమా చోటు పక్కనే మేకులు కొట్టి బిగించాడు. ఆడవాళ్ళంతా దాని చుట్టూ మూగారు.

"మా ఆయన్ని గోడకి మేకు కొట్టమంటే మూడు నెలలు పట్టింది" అంది వోండా. "నీ మొగుడు చూడవే, బిడ్డకి కోట కట్టాడు!"

ఓమా మొహం వెలిగిపోయింది. మాటల్లో ముద్దు చూపించే మనిషి కాడు గార్లాండ్. ఈ పెట్టె చూసుకుని ఆమె చాలా ఏళ్ళు మురిసిపోయింది.

ఆ పెట్టెలో ముందు రోయిస్, ఆ తరవాత తమ్ముడు వెండెల్ పెరిగారు. కాళ్ళొచ్చాక ఇద్దరూ షెడ్డులోకి దూరారు. రోయిస్‌ది నడిపే చెయ్యి, వెండెల్‌ది ఇంజను చెయ్యి. గార్లాండ్‌కి నడుంనొప్పి పట్టుకున్నాక చక్రం రోయిస్‌కి ఇచ్చాడు. చిన్న పందేలు బోలెడు గెలిచారు. సెప్టెంబరు పందెంలో మాత్రం తండ్రీకొడుకులిద్దరికీ కలిపి పదకొండుసార్లు రెండోస్థానమే. బోర్డుమీద టాల్మడ్జ్ పేరు మూడుసార్లు ఎక్కింది. ట్రిప్లెట్ అన్న మాట ఒక్కసారీ ఎక్కలేదు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో, మిల్లులో మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తూ గార్లాండ్ అలాగే ఒరిగిపోయాడు.

నెల తిరక్కుండానే కొడుకులిద్దరూ పొద్దున కాఫీ దగ్గర తగువు మొదలుపెట్టారు. బండి ఎవరి మాట వినాలి అని.

"నడిపేవాణ్ణి నేను" అన్నాడు రోయిస్.

"నేను బిగించకపోతే నువ్వు నడిపేది ఊగుడు కుర్చీనే" అన్నాడు వెండెల్.

ఓమా పెనంమీద గుడ్లు తిరగేసి, రేసుబండిని లాక్కెళ్ళే ట్రక్కు తాళంచెవులు తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"ఇవాళ్టి నించి ఇవి ఇక్కడుంటాయి. ఎవరికి కావాలన్నా నన్నడగాలి. గుడ్లు చల్లారిపోతున్నాయి, తినండి."

అలా ఆవిడ జట్టుకి పెద్దయింది. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ కాదనలేదు. గొంతు పెంచేది కాదు. చెప్పాల్సింది ఒక్కసారే చెప్పేది. రేసు మనుషులకి బండి దగ్గర వేరుశనగ తొక్కలు కనిపిస్తే ప్రాణం పోతుంది, అంతకన్నా అపశకునం ఇంకోటి లేదు. ఓమా అవన్నీ ఒట్టి చాదస్తాలని నవ్వేది. నవ్వుతూనే, జేబులో వేరుశనగలు పెట్టుకొచ్చిన మేనల్లుణ్ణి చీపురు పట్టుకుని గేటుదాకా తరిమింది.

ఆ ఏడాది ఆవిడ మనసులో ఉన్నది ఒక్కటే. బండి యజమానిగా కాగితాలమీద ఇంకా గార్లాండ్ పేరే ఉంది. సీజను చివర్న మారిపోతుంది. ఈ సెప్టెంబరులో గెలిస్తే బోర్డుమీద అతని పేరు పడుతుంది. లేకపోతే ఇక ఎప్పటికీ పడదు. కొడుకులకీ ఆ సంగతి తెలుసు. ఆగస్టు నెలంతా ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా పనిచేశారు.

పందెంరోజు ఎండ పేలిపోతోంది. ఓమా తన చోట కూర్చుంది, పక్కన వోండా. ఇరవైనాలుగేళ్ళుగా అదే వరస. మొగుళ్ళు కింద కొట్టుకు చస్తున్నా వీళ్ళు పైన ఒకే సీసాలో తీపి టీ పంచుకునేవాళ్ళు.

నూట ముప్పై చుట్లదాకా రోయిస్ ముందే ఉన్నాడు. అప్పుడు టైరు కోసం లోపలికొచ్చాడు. వాళ్ళు ఆగాల్సిన చోటు సరిగ్గా తెల్లగీతకి ఇవతల. తొందరలో రోయిస్ గీత దాటి నాలుగడుగులు ముందుకెళ్ళి ఆగాడు. వెండెల్ తిట్టుకుంటూ, ఇంకో ఇద్దరితో కలిసి బండిని వెనక్కి నెట్టాడు. టైరు మార్చారు. రోయిస్ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు. ఓమా రాసింది, మళ్ళీ చుట్టు తిరిగొస్తే మళ్ళీ రాసింది.

ఆఖర్న గీత ముందు దాటింది ముప్పై ఎనిమిది. వెనకే టాల్మడ్జ్. ఓమా కార్డులో రెండువందలు నిండాయి. వెండెల్ గోడమీదికెక్కి గంతులేశాడు. రోయిస్ బండిలోంచి దిగి, కప్పు అందుకుని, దాన్ని తండ్రి పాత టోపీలో పెట్టి ఎత్తి చూపించాడు. వోండా ఓమాని గట్టిగా కావలించుకుంది.

"పోనీలేవే. గార్లాండ్‌కి దక్కింది. అంతకన్నా ఏం కావాలి?"

కార్డుమీద సంతకం పెట్టి ఇస్తే ఇక దానికి తిరుగులేదు. లెక్కల పెద్ద లోనీ చెయ్యి చాచి నిలబడ్డాడు. ఓమా అలవాటుకొద్దీ వేలు పెట్టి గడులు చూసుకుంటూ వచ్చింది. గడికీ గడికీ మధ్య ఇరవైరెండు సెకన్లు, ఇరవైరెండు, ఇరవైమూడు. నూట ముప్పై ఒకటి. నూట ముప్పై రెండు. అక్కడా ఇరవైరెండే.

రోయిస్ టైరుకోసం ఆగిన చుట్టుకి ఎక్కువసేపు పట్టాలి కదా? కార్డంతా వెతికినా ఎక్కువసేపు పట్టిన చుట్టు లేదు. అప్పుడు అర్థమైంది. బండి గీత దాటి లోపలికొచ్చినప్పుడు రాసింది. వెనక్కి నెడితే గీత ఇవతలికొచ్చింది. మళ్ళీ బయల్దేరుతూ గీత దాటితే చెయ్యి దానంతటది మళ్ళీ రాసేసింది. నూట ముప్పై రెండో గడి అసలు చుట్టే కాదు, అది తీసేస్తే రోయిస్‌వి నూట తొంభై తొమ్మిదే. టైరు మార్చడానికి సరిగ్గా ఒక చుట్టంత సేపే పట్టడంతో, అదేమో ఎవరూ పట్టుకోలేనంత నిక్కచ్చిగా మామూలు చుట్టులా కనిపిస్తోంది.

"ఏంటక్కా, పెన్సిలు విరిగిందా?" అన్నాడు లోనీ.

కింద రోయిస్ ఆ టోపీని గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు. ఓమా చాలాసేపు కొడుకునే చూసింది. సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? పెడితే సాయంత్రానికి బోర్డుమీద గార్లాండ్ పేరు.

"లేదు లోనీ. ఒక గడి ఎక్కువ రాశాను" అని ఆ గడి కొట్టేసి, కింద సంతకం పెట్టింది.

లోనీ కార్డు చూశాడు, ఆవిడ మొహం చూశాడు. కార్డు తీసుకుని మెట్లు దిగి వెళ్ళాడు. వోండా చేతుల్లో మొహం దాచుకుంది. గెలిచింది తన మొగుడని ఆమెకి సంతోషం ఏ కోశానా లేదు.

ట్రక్కులో ఇంటికొచ్చారు. వంటింట్లోకి రాగానే రోయిస్ టోపీని బల్లమీదికి విసిరాడు.

"నిన్నెవరైనా అడిగారా అమ్మా? ఒక్కడైనా అడిగాడా?"

"అడగలేదు."

"మరి నోరు మూసుకోవచ్చుగా! నీకది ఉత్త గడి. నాన్న పేరది! నాన్నయితే ఇలా చేసేవాడా?"

వెండెల్ తల దించుకున్నాడు. ఆ సంగతి ఓమాకే తెలియదు. గార్లాండ్‌కి తను అన్యాయం చేసిందేమోనని దారి పొడుగునా లోపల కుమిలిపోతూనే ఉంది.

కార్డు కింద నకలు కాగితం ఉంటుంది, అది జట్టుకి. గార్లాండ్ అవన్నీ బూట్ల అట్టపెట్టెలో దాచి, చలికాలంలో మిల్లు మూసినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కో చుట్టూ చదువుకునేవాడు. ఆ అట్టపెట్టె అతనిదే, ఓమా ఎప్పుడూ తాకలేదు. ఇవాళ్టి నకలు అందులో పెట్టడానికి ఆవిడ మొదటిసారి మూత తీసింది. ఇంకా ఎండ ఉంది. కిటికీ దగ్గర కూర్చుని, అన్నిటికన్నా అడుగునున్న అరవయ్యో సంవత్సరం కాగితం బయటికి తీసింది. ఆ ఓటమిని అతనెలా మింగాడో చూడాలనిపించింది.

గడికీ గడికీ మధ్య పాతికేసి సెకన్లు. గడి తరవాత గడి, పాతికే. ఎనభై ఎనిమిదో గడి దగ్గర పిచ్చిగీత ఒకటి అడ్డంగా పాకింది, పసిచెయ్యి లాగినట్టు. ఎనభై తొమ్మిదో గడికి వచ్చేసరికి యాభై సెకన్లు.

ఎక్కడా ఆగని బండికి, జెండా ఊగని రోజున, యాభై సెకన్లు. రోయిస్ పెన్సిలు నోట్లో పెట్టుకున్నప్పుడు ఒక చుట్టు ఓమా చూడకుండా వెళ్ళిపోయింది. ఆ పందెం గార్లాండ్ గెలిచాడు.

ఆ రెండు గడుల చుట్టూ లావుపాటి ఎర్ర పెన్సిలుతో ఒక సున్నా చుట్టి ఉంది. పక్కన ఒక్క అక్షరం కూడా లేదు.

ఆ చలికాలమే చూసి ఉంటాడు. వసంతంలో ఓక్ చెక్కలు తెచ్చాడు.

ఓమా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విని రోయిస్ గుమ్మంలోకి వచ్చాడు. కోపం ఇంకా తగ్గలేదు గానీ కాళ్ళు ఆగలేదు. ఆవిడ కాగితం చేతికిచ్చింది. వాడు రేసువాడు, చదవడానికి ఎంతో సేపు పట్టలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"ఇరవైనాలుగేళ్ళు" అన్నాడు. "నీకు ఒక్కసారైనా చెప్పలేదా?"

"లేదురా. ప్రతి ఏడూ ఆ బోర్డు కింద నించే నడిచి వెళ్ళాడు."

"ఇప్పుడు లోనీకి చూపిద్దామా? వోండా అత్త కాదనదు."

"మీ నాన్న చూపించలేదుగా."

రోయిస్ కాగితాన్ని మడతమీద మడతపెట్టి అట్టపెట్టెలో పెట్టేశాడు. తరవాత లేచి షెడ్డుకి వెళ్ళాడు. మంచెమీది ఓక్ పెట్టెను ఎప్పుడో విప్పి తెచ్చి బోల్టులు పోసుకుంటున్నారు. బోల్టులన్నీ నేలమీద కుమ్మరించిన చప్పుడు ఇంట్లోకి వినబడింది. వాడు ఆ పెట్టెను చొక్కాతో తుడుచుకుంటూ తెచ్చి, వంటింట్లో ఓమా కుర్చీ పక్కన పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.