నర్సప్ప పాము చెవులు

మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్‌లో నర్సప్పవి పాము చెవులని చెప్పుకుంటారు. ఒకరోజు రాజమ్మ గడపలో కూర్చుని బీడీలు చుడుతూ, "నర్సప్ప తువ్వాల ఉతికి ఎన్నేండ్లయిందో" అని పక్కనున్న గోదావరితో గుసగుసలాడిందట. వీధికి అవతలి కార్ఖానాలో, మగ్గాల రొదలోంచి నర్సప్ప, "నిన్ననే ఉతికిన, వదినా!" అని కేకేశాడట. అప్పటినుంచి ఆయన కనబడితే చాలు, ఆడవాళ్లు ఇంకా మెల్లగా మాట్లాడుకుంటారు.

ఈ పేరే రూపాలికి అడ్డొచ్చింది. ఆమె వినాయక్ సేట్ కార్ఖానాలో కండెలకు నూలు చుడుతుంది. చేరిన మూడు నెలలకే, ఇంటికెళ్లి పడుకున్నా చెవుల్లో గుయ్యిమని మోత. పనివాళ్లందరికీ చెవి మూతలు ఇప్పించమని సేట్‌ను అడిగింది.

"నర్సప్ప ముప్పై ఏండ్లసంది ఈ మగ్గాల నడుమనే ఉన్నడు. ఆయన చెవులకేమైంది? నీయే నాజూకు చెవులా?"

"నాజూకే అనుకోర్రి సేట్. పోతే మళ్లొస్తయా?"

ఆ వారమే కొంతం చౌక్‌లో ఉచితంగా చెవుల పరీక్ష శిబిరం పెట్టారు. "నర్సప్పను తీస్కపోత. ఆయన చెవులు ఖరాబుంటే అందరికీ మూతలు. మంచిగుంటే బస్, మళ్ల అడగొద్దు" అని సేట్ అందరి ముందు అన్నాడు. ఇంత న్యాయం ఏ సేట్ చేస్తాడని అందరూ మెచ్చుకున్నారు. నర్సప్ప ఒక్కడే, "నాకెందుకు పరీక్ష?" అని రెండు రోజులు గొణిగాడు.

పరీక్ష చేసే నమ్రత ఇరుకు జాగాలో ఆయనకు ఎదురుగా కూర్చుంది. తలకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వచ్చినప్పుడల్లా మీట నొక్కమంది. నర్సప్ప ఒక్కటీ తప్పలేదు. సేట్ తమ వెంట వచ్చిన రూపాలిని చూసి నవ్వాడు.

రూపాలి చూస్తున్నది శబ్దం పంపే యంత్రం మీద నమ్రత వేలిని. ఆ వేలు కదిలినప్పుడల్లా నర్సప్ప బొటనవేలు కదులుతోంది.

"తాయీ, కాకాను గోడదిక్కు తిప్పి చూడుర్రి" అంది రూపాలి.

గోడవైపు తిప్పాక నర్సప్ప మీట నొక్కనే లేదు.

"ఇన్నేండ్లు నన్ను ఉల్లు జేసినవా?" అని సేట్ వెనకనుంచి అరిచాడు. నర్సప్ప గోడనే చూస్తూ కూర్చున్నాడు.

మగ్గాలు ఆడుతుంటే మాట వినబడదు కాబట్టి కార్ఖానాలో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. రూపాలి ఆయన ముందుకు వెళ్లి, గొంతు పెగల్చకుండా పెదవులతోనే అడిగింది: ఎన్నాళ్లాయె కాకా?

"పదేండ్లు" అన్నాడు నర్సప్ప. "జెప్తే మగ్గం గుంజుకుంటరని జెప్పలే బిడ్డా."

అందరి ముందు అన్న మాట కాబట్టి మూతలు వచ్చాయి. సేట్ మొదటి జత నర్సప్పకే పెట్టి ఫోటో తీయించి, కార్ఖానా గోడకు తగిలించాడు. గోడ మీద ఉన్న మనిషిని పనిలోంచి తీసేస్తే బాగుండదు కాబట్టి నర్సప్ప మగ్గమూ నిలిచింది.

దాజీ పేట్‌లో పాము చెవుల మాట ఇంకా పోలేదు. రాజమ్మ ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడుతుంది.

తువ్వాల గురించి అన్న రోజు ఆమె ముఖం కార్ఖానా తలుపువైపు ఉంది.