వీణకు కొన్న సీటు

మా ముత్తాతగారు కొల్లేటి ఒడ్డు గ్రామాలకు మునసబు. ఆయన గుర్రం దిగి లోపలికి వచ్చేదాకా చావడిలో ఎవరూ కూర్చునేవారు కారట. మా తాతగారు ఏలూరులో మేడ కట్టించి ఏటా దసరాకు కచేరీలు పెట్టించారు. మద్రాసు నుంచి వచ్చే విద్వాంసులకు స్టేషను దగ్గర మా బండి సిద్ధంగా ఉండేది. వెళ్ళేటప్పుడు వెండి పళ్ళెంలో కొత్త బట్టలు, తాంబూలం, వాటి మీద తిరుగు ప్రయాణం టికెట్టు పెట్టి ఇచ్చేవారు. టికెట్టు బదులు డబ్బు ఇస్తే కూలి ఇచ్చినట్టుంటుందని ఆయన అభిప్రాయం. మా నాన్నగారి కాలానికి కచేరీలు ఆగిపోయాయి, బండి పోయింది, మేడ దాయాదుల వ్యాజ్యంలో పడింది. మిగిలిన నియమం ఒక్కటే. దారి ఖర్చులు మేం ఇస్తాం, పుచ్చుకోం.

నేను తాడేపల్లిగూడెంలో గుమాస్తాగా చేశాను. రోజూ ఏలూరు నుంచి పాసింజరులో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆఫీసు పని మీద ఏ ఊరు వెళ్ళినా ప్రయాణ భత్యం బిల్లు పెట్టలేదు. "రాజావారికి చిల్లర అక్కర్లేదండీ" అని మా క్యాషియరు నవ్వేవాడు. నవ్వనిచ్చాను.

నా భార్య కాపరానికి వస్తూ నూజివీడు వీణ తెచ్చుకుంది. మా ఇంటి ఆడవాళ్ళు సంగీతం నేర్చుకోవచ్చు గాని నలుగురిలో వాయించకూడదు. కచేరీలు జరిగిన రోజుల్లో కూడా మేడ మీది కిటికీ వెనక కూర్చుని వినేవారు. ఆమె మధ్యాహ్నాలు వీధిలోని ఆడపిల్లలకు పాఠం చెప్పేది, ఊరికే. వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు ఇంగ్లండులో నర్సు. అక్కడ వీణ వాయించేవాళ్ళంతా ఏటా ఒకచోట చేరి రెండు రోజులు సమావేశం జరుపుకుంటారట. ఆ అమ్మాయి తన గురువుగారి పేరు చెప్పింది. ఒక సాయంత్రం నిర్వాహకుడు నాకు ఫోన్ చేశాడు.

"అమ్మగారికి ఇరవై నిమిషాలు ఇస్తామండీ. టికెట్టు మేం చూసుకుంటాం. మీ పరిస్థితి రెండు ముక్కల్లో రాసి పంపితే కమిటీలో పెడతాను."

"మాకు పరిస్థితంటూ ఏమీ లేదండీ. మా ఖర్చుల మీద మేం వస్తాం" అన్నాను.

నా భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది.

"టికెట్టు ఇస్తామన్నారా అండీ?"

"అన్నారు."

"వద్దన్నారా?"

"వద్దన్నాను."

"అయితే వెళ్ళడం లేదన్నమాట."

"వెళ్తున్నాం" అన్నాను. ఆమె కత్తిపీట పక్కకు పెట్టి లేచి, వీణ మీది గుడ్డ తీసింది. అరవై దాటాక మొదటిసారి ఆమెకు ఒక వేదిక దొరికింది. దాన్ని పోనివ్వకూడదని నేనూ అనుకున్నాను. ఎవరి డబ్బుతోనో మాత్రం కాదు.

నా పేరున మిగిలింది కొల్లేటి వైపు భూమి. భీమడోలు నుంచి ఒక మధ్యవర్తిని పిలిపించాను. ఆయన గట్టు మీద నిలబడి పంచె ఎగ్గట్టుకుని చాలాసేపు చూశాడు.

"గవర్నమెంటు కొల్లేటికి గీసిన కాంటూరు గీత లోపలిదండీ ఇది. రిజిస్ట్రేషన్ అవదు. నీళ్ళున్నప్పుడు కొల్లేరు, ఎండినప్పుడు గవర్నమెంటుది. మీది ఎప్పుడో మీరే చెప్పండి."

"మా ముత్తాతగారి నాటి పట్టా ఉంది."

"ఉంటుందండీ. పటం కట్టించుకోండి."

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. ఆమె "గణపవరంలో నా ఎకరం ఉంది కదండీ" అంది. అది పెళ్ళిలో వాళ్ళ నాన్నగారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన వరిచేను. దాని కౌలు ధాన్యమే మేం తినేది.

"నీ పుట్టింటి భూమి నాకొద్దు."

"అయితే కమిటీవాళ్ళ టికెట్టు తీసుకోండి."

మర్నాడు ఆమే వాళ్ళ అన్నయ్యకు ఫోన్ చేసి బేరం చూడమంది. వారం తిరక్కుండానే అగ్రిమెంటు రాశాం. డబ్బులో ఎక్కువ భాగం కొనే ఆయన ముందే ఇచ్చాడు.

తాడేపల్లిగూడెంలో విమానం టికెట్లు కొనిపెట్టే దుకాణం ఆయన నాకు పాత పరిచయమే. వీణ అనగానే పెన్ను కింద పెట్టాడు.

"కింద సామాన్ల గదిలో వేస్తే పూచీ ఇవ్వరండీ. పైన మన పక్కన పెట్టాలంటే మనిషికిలాగే దానికీ సీటు కొనాలి."

"వీణకు భోజనం కూడా పెడతారేమిటండీ?"

"పెట్టరండీ. బెల్టు మాత్రం కడతారు."

నవ్వాం. తరువాత ఆయన లెక్క వేశాడు. వీసా ఖర్చు, హైదరాబాదు తిరుగుళ్ళు, అక్కడి బస పోగా చేతిలో ఉన్నది రెండు సీట్లకే సరిపోతుంది. ఆమె, నేను. లేదా ఆమె, వీణ.

"వీణను కింద వేయిద్దాం, దుప్పట్లు చుట్టి" అన్నాను ఇంటికి వచ్చాక.

"మెట్లు మైనం మీద నిలబడి ఉంటాయండీ. ఒక్క కుదుపుకు కదిలిపోతాయి. సొరబుర్ర పగిలితే?"

"అక్కడ ఇంకొకరి వీణ ఇప్పిస్తారేమో అడుగుతాను."

"అడుగుతారా? మీరు?"

ఆమె గొంతు తగ్గించి, "మీరు రాకపోయినా వాయించగలనండీ. అది లేకుండా నేనక్కడికి వెళ్ళి ఏం చెయ్యను?" అంది. మా ఇంటి ఆడవాళ్ళు ఒంటరిగా ఏలూరు దాటింది లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు.

హైదరాబాదు విమానాశ్రయంలో బొంత చుట్టిన వీణను చిన్న బండి మీద పెట్టుకుని లోపలికి వెళ్ళింది. నన్ను గాజు తలుపు దగ్గరే ఆపేశారు. వీణ ఎవరికీ తగలకుండా చూసుకునే హడావిడిలో ఆమె వెనక్కి తిరగలేదు.

సమావేశం రోజు నర్సమ్మాయి ఫోన్లో చూపిస్తానంది. చూపించింది గాని బొమ్మ ఆగి ఆగి వచ్చింది. ఆమె పట్టుచీర మీద స్వెట్టరు వేసుకుంది. నాకు వినిపించిన దాంట్లో సగం పింగాణీ చప్పుడు.

తిరిగి వచ్చాక అడిగాను. "బాగానే జరిగిందండీ. ముందు చలికి చేతులు వంగలేదు, తరువాత సర్దుకున్నాయి. పక్క గదిలో భోజనాలు మొదలెట్టేశారు. మీరుంటే ఆ ప్లేట్ల చప్పుడు ఆపించేవారు" అంది. వెనక వరసలో ఒక పెద్దావిడ మాత్రం చివరిదాకా కళ్ళు మూసుకుని విందట. ఆ సంగతి రెండుసార్లు చెప్పింది.

"వచ్చేటప్పుడు అందరికీ దారి ఖర్చుల కింద కవరు ఇచ్చారండీ."

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"తిరిగి ఇచ్చేశాను. వీణకైనా పుచ్చుకోండమ్మా అన్నారు. వద్దన్నాను."

"మంచి పని చేశావు" అన్నాను.

"అలాగే అంటారని తెలుసు" అని బొంత మడత పెట్టడం మొదలెట్టింది.

తరువాతి వారం గణపవరం రిజిస్ట్రార్ ఆఫీసులో ఆమె సంతకాలు పెట్టింది. ఉంగుటూరు వైపు రైతు ఒకాయన ఆ ఎకరం కొన్నాడు. ఆమె పేరున ఉన్న భూమి అదొక్కటే.