వెండి కడియాల బరువు

పెళ్లయి సూరత్ వచ్చిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, ఆ ఊరి డిండోలి ప్రాంతంలో ఆరోగ్య సర్వే పనిలో చేరాను. అక్కడి తెలుగు కుటుంబాలు నా వంతు. పసిపిల్లలను వేలాడే కాటాలో తూచి, బరువును ఫోన్‌లోని యాప్‌లో ఎక్కించాలి. వయసుకు తగ్గ బరువుంటే తెర పచ్చబడుతుంది; ఆ ఇంటికి మళ్లీ నెల తర్వాతే వెళ్తాం. ఎర్రబడితే మర్నాడే నర్సు వస్తుంది. పంపిన ఫారాన్ని సూపర్‌వైజర్ తెరిస్తే తప్ప దిద్దలేం. తెరిపించిన ప్రతిసారీ మన పేరు మీద ఒక తప్పు పడుతుంది. నాకప్పటికే రెండున్నాయి. మూడోది పడితే పని పోవచ్చు.

అలాంటి ఒక ఇల్లు స్వప్నది. ఆమె భర్త సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. వాళ్ల రెండు నెలల బాబును తూచాను. ఆ వయసుకు ఉండాల్సిన బరువు గీతకు కాస్త పైన. పచ్చ. పంపేశాను.

"మంచిగనే ఉన్నడా అక్కా? పాలు సరిగ్గ తాగుతలేడు."

భయం లేదన్నాను. చాప మీద పడుకోబెట్టగానే వాడు కాళ్లు పైకెత్తాడు. కాలి కడియం మోకాలి దాకా జారింది. రెండు కాళ్లకూ కడియాలు, నడుముకు వెండి మొలతాడు. వాటితోనే తూచాను. తీయమంటే నొచ్చుకుంటారని మేమెవరమూ అడిగేవాళ్లం కాదు.

ఆ రోజు అడిగాను. స్వప్న అత్త ఒప్పుకోలేదు.

"మేనత్త పెట్టిన కడియాలు. ఒట్టి కాళ్లతోని జోకితే దిష్టి తాకదా బిడ్డా? ఎండి బరువు గూడ నీ ఫోన్ల రాసుకోరాదా?"

"దానికి ఇందులో గడి లేదు పెద్దమ్మా."

ఆమె కాసేపు మనవడి కాళ్లు నిమిరింది. ఒక నల్లదారం తెచ్చి కాలికి కట్టి, వెండి అంతా తీసి కొంగులో పట్టుకుంది. ముల్లు ఆ గీత కిందికి దిగింది.

"జర మళ్ల చూడక్కా," అంది స్వప్న.

మళ్లీ తూచాను. అంతే వచ్చింది.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, గ్రీన్ వచ్చింది కదా, వదిలేయమన్నాడు. తప్పు నా పేరునే రాసుకోమన్నాను. ఫారం తెరిచాడు. కొత్త బరువు ఎక్కించాను. తెర ఎర్రబడింది.

మర్నాడు నర్సు వచ్చి బాబు నోట్లో తెల్లపూత ఉందని గుర్తించింది. పాలు తాగలేనిది అందుకే. మందు ఇచ్చింది. నా పని పోలేదు గానీ, అంతకుముందు తూచిన పిల్లలందరినీ మళ్లీ తూచి రమ్మన్నారు. ఆ వానల్లో ఇంటింటికీ తిరిగాను. మరి కొన్ని పచ్చలు ఎర్రబడ్డాయి. నెల తర్వాత స్వప్న ఇంటికి వెళ్తే, అడగకముందే పెద్దమ్మ కడియాలు తీసింది. వాడు కాళ్లెత్తినా ఇప్పుడవి పిక్క దాటడం లేదని చెప్పింది.

తర్వాత నాకు కడుపుతో ఏడో నెల రాగానే ఆ పని మానేశాను. యాప్‌కు అంకె ఒక్కటే తెలుస్తుంది. అందులో పిల్లవాడెంత, వెండి ఎంత అన్నది తూచే మనిషే చూడాలి. నా కూతురికి ఇప్పుడు నాలుగు నెలలు. తూకం రోజున దాని కడియాలు నేనే తీస్తాను. నల్లదారం మాత్రం ఉంచుతాను.