దమ్ము తీసుకునే చోటు

పదవీ విరమణకు ముందటి ఏడాది నేను రేడియోలో కార్యక్రమ నిర్వహణాధికారిని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నా పరిధి. ఆ వానాకాలంలో నాకు అప్పగించిన పని, ‘ఎర్రదుబ్బ’ అనే పాత రాక్ బ్యాండ్ సభ్యులు విడిపోయాక ఎవరికి వారు చేసుకున్న సోలో ఆల్బమ్‌ల మీద గంటసేపు కార్యక్రమం.

వనపర్తి కాలేజీలో పుట్టిన ఆ బ్యాండు ముగ్గురిది. డ్రమ్ముల వెంకటేశ్ ఆల్బమ్‌ను ఆయన ఇంటి చుట్టుపక్కలవాళ్ళు విడుదలకు ముందే, ఇష్టం లేకుండానే విని ఉన్నారు. గాయకుడు మహబూబ్‌కు గద్వాలలో టైర్ల దుకాణం. మిగతా ఇద్దరికీ చెప్పకుండా మొదటి సోలో ఆల్బమ్ చేసింది ఆయనే. అప్పటినుంచి గిటారు యాదగిరికి ఆయనతో మాటల్లేవు. బిజినేపల్లిలో వ్యవసాయం చూసుకుంటూ యాదగిరి చేసిన ఆల్బమ్‌లో పాటే లేదు, గిటారు ఒక్కటే.

ప్రసారానికి ముందు ప్రతి ట్రాకూ హెడ్‌ఫోన్లతో పూర్తిగా వినాలి. రేడియోలో మౌనం లోపం కింద లెక్క. ఊపిరి చప్పుడూ అంతే. రెండింటినీ ఎడిటింగ్‌లో కత్తిరిస్తాం. యాదగిరి గిటారు మంచి ఊపులో ఉండగా మాటిమాటికీ ఆగుతోంది. కత్తిరించే ముందు కళాకారుణ్ణి అడగడం పద్ధతి కనుక వెళ్ళాను. ఆయన నాగర్‌కర్నూల్ దవాఖానాలో ఉన్నాడు, లివర్ చెడిపోయి. కత్తిరించొద్దన్నాడు. కారణం చెప్పలేదు. మహబూబ్ విన్నాడా అని మాత్రం అడిగాడు.

విననే లేదు. గద్వాలలో నేను ఆ సంగతి ఎత్తగానే మహబూబ్, “పాట లేని ఆల్బమ్ ఏంది సార్, కాయ లేని పల్లిచేను లెక్క” అన్నాడు. ఫోన్‌లో పెట్టి వినిపించాను. గిటారు మొదటిసారి ఆగినప్పుడు చేతిలో టైరు కింద పెట్టాడు. రెండోసారి ఆగినప్పుడు దాని మీదే కూర్చున్నాడు.

“నాకు చిన్నప్పటి సంది ఉబ్బసం,” అన్నాడు. “పొడుగు చరణంల నేను దమ్ము తీస్కునేదాంక వాడు గిటారు ఆపెటోడు. ఎవ్వరికీ తెల్వదు. నేను లేకున్నా గిప్పటికీ ఆపుతనే ఉన్నడు, పిచ్చోడు.”

శుక్రవారం నమాజ్ అయినంక వస్తానని యాదగిరికి చెప్పమన్నాడు. చెప్పాను. యాదగిరి నవ్వాడు. “టైర్లోడు కద సార్, నడుమల పంచరైతడు” అన్నాడు.

మహబూబ్ శుక్రవారం వచ్చాడు. యాదగిరి గురువారమే పోయాడు.

తర్వాత మహబూబ్ తనంతట తానే స్టూడియోకు వచ్చి, ఆ గిటారు ట్రాకు మీద పాడతానన్నాడు. మైకు ముందు నిలబడ్డాడు. గొంతు రాలేదు. గిటారు ఆగిన చోటల్లా దమ్ము మాత్రం తీసుకున్నాడు, ఒక్క చోటు కూడా తప్పకుండా, చివరిదాకా.

మౌనాన్నీ ఊపిరినీ అలాగే ప్రసారం చేశాం. సాంకేతిక లోపానికి పైనుంచి సంజాయిషీ అడిగారు. లోపమేదీ లేదని రాసి పంపాను. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్న విషయమే. సోలో ఆల్బమ్ అట్ట మీద ఉన్న పేరును బట్టి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పలేం.