తలెత్తి చేసిన ప్రార్థన

మామిడికుదురు సాలమోను గారు అరుగు మీద కూర్చున్నా గోడ పక్కన గుంజ పాతినట్టు నిటారుగానే ఉంటారు. వైమానిక దళంలో పదిహేనేళ్ళు చేసి 2003లో హాయిగా ఇంటికి చేరారు. దళంలో ఆయన పని, యుద్ధవిమానాల్లో పైలటు సీటు బిగించడం. విమానం కూలిపోతుంటే ఆ సీటు మనిషితో సహా పైకి పేలి బయటపడుతుంది.

1994లో ఆయన బిగించిన సీటు ఒక పైలటు ప్రాణం నిలబెట్టింది. అతని వెన్నుపూస మాత్రం చిట్లింది. అప్పటికింకా పేరు చివర గారు తగలని సాలమోనుకి నాలుగు రోజులు అన్నం సహించలేదు. మనిషి ఒళ్ళు ఎంత అదురు తట్టుకుంటుందో చూసే పరీక్షకి మనుషులు కావాలంటే, ముందుగా పేరిచ్చేశాడు.

నిలువు పట్టాల మీద సీటుని పైకి పేల్చే పరీక్ష అది. దాన్ని నడిపే డాక్టరు సూర్యప్రకాశరావు గారిదీ సాలమోను వైపే, కొత్తపేట.

"మనిషిని విరిచేది ఒట్టి బరువు కాదోయ్, అది ఒక్కసారిగా పడ్డం. మెడ నిటారుగా ఉంటే నీ బరువుకి ఎనిమిది రెట్లు పడినా వెన్ను మోస్తుంది. తల వంచేవో, అంతే సంగతులు!"

"ఆయ్, అలాగేనండీ."

తీరా అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టగానే సాలమోను కళ్ళు మూసి, తల వంచి ప్రార్థనలో పడ్డాడు. అన్నం ముందూ, బస్సెక్కేముందూ వంచే తల, ఇక్కడ మాత్రం ఊరుకుంటుందా! డాక్టరు గారు గావుకేక పెట్టి ఆపించారు. రెండోసారీ అదే వరస. తలెత్తితే ప్రార్థన రాదు, ప్రార్థన లేందే ధైర్యం రాదు.

"సోమవారం ఆఖరి అవకాశం. మళ్ళీ వంచేవంటే పేరు కొట్టేస్తాను."

ఆదివారం ఊళ్ళో ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసి తల్లి జ్ఞానమ్మని పిలిపించాడు.

"అమ్మా, తల వంచకపోతే దేవుడు వింటాడంటావా?"

"ఓరి పిచ్చి నాగన్నా! వరిమోపు నెత్తిన పెట్టుకుని గట్టెంట నడిచేదాన్ని, తల వంచితే మోపు బురదలో పడిపోదట్రా? నా ప్రార్థనలన్నీ మోపు కిందే అయ్యేయి. నువ్వు పుట్టింది ఆ ప్రార్థనకే."



సోమవారం మెడ నిలిపి, కళ్ళు తెరిచి, "తండ్రీ, కాపాడు" అన్నాడు. సీటు పేలింది. "ఆమెన్" మాత్రం పట్టాల చివరికి చేరాక గానీ నోట్లోంచి రాలేదు.