కట్టకొక ఇంగ్లిష్ మాట

మా అత్తమ్మ పోయింది. పోయిన వారం ఒక పొద్దున, చాయ్ పెట్టే వేళకు, లింగంపేటలో మా ఇంట్లోనే కన్నుమూసింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మందికి ఆమె పేరే తెలియదు. “ఇంగ్లిష్ అవ్వ పోయిందట గద” అనుకుంటూ వచ్చారు. ఆమె చదివింది మూడో తరగతి. జన్మంతా చేసింది బీడీల పని. ఆమెకు ఆ పేరు ఎట్లా వచ్చిందో మీకు చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

నాది దోమకొండ. కామారెడ్డిలో డిగ్రీ చదివాను. పెళ్లయి ఈ గడప దాటిన రోజు నా చేతిలో పళ్లెం పెట్టి ఆమె అన్న మొదటి మాటలు, “కమ్. సిట్. ఈట్.” నవ్వాపుకోలేక చచ్చాను. ఆమె ఏమీ అనుకోలేదు.

“డిగ్రీ చదివినవట గద బిడ్డా. నాతోని ఇంగ్లిష్‌ల మాట్లాడు” అంది.

నేను పళ్లెం మీదికి తల వంచేశాను. పరీక్షల్లో వ్యాకరణమంతా గడగడా రాసినదాన్నే. కానీ నోరు తెరవాలంటే ఎక్కడ తప్పు పోతుందో, ఎవరు నవ్వుతారో అని వెనక్కి తగ్గేదాన్ని. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక ఆమెను సరిదిద్దాను. ఐ నో అండర్‌స్టాండ్ కాదు, ఐ డోంట్ అండర్‌స్టాండ్ అనాలని చెప్పాను.

“అట్లనా! మంచిగ చెప్పినవ్” అని రెండుసార్లు పలికి చూసుకుంది. తర్వాత నాకేసి తిరిగి, “మరి గంత తెలిసినదానివి, నిన్న బ్యాంకుల సారు అడిగితే నా ఎనక దాక్కున్నవేంది?” అంది.

“తప్పు పోతదేమో అని భయం అత్తమ్మా.”

“పోతే పోతది. జైల్ల ఏస్తరా?”

ఆమె బడి అంతా ఒళ్లో చాట దగ్గరే. చాటలో తునికాకు, తంబాకు. పక్కన ఆ రోజు దొరికిన సబ్బు కాగితమో, బిస్కెట్ పొట్లమో, మందుగోలీల అట్టో. ఇంగ్లిష్ అక్షరాలు కొడుకు బడి పుస్తకంలో చూసి ఎప్పుడో నేర్చుకుందట. ఇరవై అయిదు బీడీలు చుట్టి కట్ట కట్టేదాకా ఒకటే మాట. దగ్గు మందు సీసా మీద ఉన్న “షేక్ వెల్” తో ఒక కట్ట పూర్తయ్యేది. రెండో కట్టకు ఇంకో మాట. నేను వంటింట్లో ఉన్నా నా చెవిలో పడుతూనే ఉండేవి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి బస్సెక్కితే, ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నా పోయి కాలేజీ పిల్లల పక్కనే కూర్చునేది. “బిడ్డా, గిదాన్ని ఇంగ్లిష్‌ల ఏమంటరు?” అని మొదలుపెట్టేది. వాళ్లు కిసకిస నవ్వితే తనూ నవ్వేది. లింగంపేటలో దిగేసరికి నాలుగు మాటలు కొంగున కట్టుకున్నట్టే.

వాడలో ఎవరైనా దుబాయి పోతూ కాళ్లు మొక్కడానికి వస్తే ఊరికే దీవించేది కాదు. ముందు వాళ్లతో రెండు మాటలు చెప్పించేది. “స్లోలీ. సే అగైన్.” అవి సరిగ్గా పలికాకే నెత్తిన చెయ్యి పెట్టేది.

ఇన్ని మాటలు వచ్చిన ఆమె నోట ఒక్క మాట మాత్రం వచ్చేది కాదు. ఓకే. పసిపిల్లలు కూడా అనే మాట! నేను ఫోన్లో ఓకే అంటే చాలు, చివుక్కున తలెత్తేది. “సరే అను, మంచిది అను” అనేది. ఎందుకని అడిగితే తల దించి ఇంకో బీడీ చుట్టేది.

పెళ్లయిన రెండో ఏడు, దుబాయికి పనికి పోయిన మా ఆయన అక్కడ కడుతున్న మేడ మీదినుంచి పడ్డాడు. అక్కడినుంచి ఎవరో ఫోన్ చేశారు. ఎత్తింది నేనే. అవతలి మనిషి ఇంగ్లిష్‌లో గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. కాలు అన్నది తెలిసింది, ఆ తర్వాత నా చెవులు పనిచేయలేదు. ఏదో అడిగాడు. బదులుకోసం ఆగాడు. ఓకే అన్న మాట నా నాలుక చివరకు వచ్చేసింది.

అత్తమ్మ ఫోన్ లాక్కుంది. “స్లోలీ. సే అగైన్” అంది. అతను విసుక్కున్నాడు. ఆమె మళ్లీ అదే అంది. మూడోసారీ అదే. చివరికి, “నో. ఫస్ట్ మై సన్ టాక్. దెన్ యూ టాక్” అని గట్టిగా అంది.

మా ఆయనకు ఫోన్ ఇచ్చారు. కాలికి కట్టు కట్టి అక్కడే ఉంచుకుంటామని, ఇంటివాళ్లకు సమ్మతమేనా అని అడుగుతున్నారని చెప్పాడు. “అవ్వా, నన్ను ఇంటికి తోలియ్యమను” అని ఏడ్చాడు.

ఆమె ఏడవలేదు. “మై సన్ కమ్ హోమ్. ఓన్లీ హోమ్” అని ఆ మనిషితో ఎన్నిసార్లు చెప్పిందో! నెలలోపే మా ఆయన కర్రల మీద ఇల్లు చేరాడు. ఇప్పుడు లింగంపేట, ఎల్లారెడ్డి మధ్య ఆటో నడుపుతున్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె మళ్లీ చాట ముందు కూర్చుంది కానీ వేళ్లు కదల్లేదు. అప్పుడు చెప్పింది.

“మీ మామ దుబాయిల పానం ఇడిసినప్పుడు సుత ఎవలో గిట్లనే ఫోన్ చేసిండు. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. మంచిగ మాట్లాడుతుండు గద, పీనుగను తోలిస్తమంటుండేమో అనుకున్న. ఓకే ఓకే అన్న. ఎదురుసూసిన, ఎదురుసూసిన... అక్కడ్నే బొంద పెట్టాల్నా అని అడిగిండట బిడ్డా. ఆఖరుకు మొకం సుత సూడలే.”

ఆమె ఇంగ్లిష్‌కు నవ్విన నా నోటిని తిట్టుకున్నాను. నా డిగ్రీ నా భర్తను ఇంటికి తేలేదు. ఆమె తెచ్చింది. ఈ మాట ఆమెకు చెప్పాను కూడా. “ఊకో, పిచ్చిదానా” అంది.

పోయిన నెల ఆమెను కామారెడ్డి దవాఖానాలో చేర్పించాం. మంచం పక్కన నిలబడి పెద్ద డాక్టర్ మా ఇద్దరికీ ఇంగ్లిష్‌లో ఏదేదో చెప్పుకుపోతున్నాడు. మా ఆయన తలూపుతున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నా అత్తమ్మ వింటున్నదని నాకు తెలుసు.

“డాక్టర్, స్లోలీ. సే అగైన్” అన్నాను. పరాయివాళ్ల ముందు నేను పలికిన మొదటి ఇంగ్లిష్ మాటలు అవే.

డాక్టర్ ఆగాడు. స్టూలు లాక్కుని కూర్చుని, ఈసారి తెలుగులో, నిదానంగా, ఆమెకూ వినపడేట్టు చెప్పాడు. ఇక చేయడానికి ఏమీ లేదన్నాడు. ఇంట్లో, మీ మధ్య ఉంటేనే ఆమెకు సుఖం అన్నాడు.

నేను వంగి, “అత్తమ్మా, ఇన్నవా? ఇంటికి పోదమా?” అని అడిగాను.

ఆమె కళ్లు తెరిచింది. డాక్టర్ను చూసింది, కొడుకును చూసింది. బీడీల దారం కోసి కోసి గాట్లు పడిన వేలు నా అరచేతిలో పెట్టి, నెమ్మదిగా అంది.

“ఓకే.”